కోత పండుగలో పోయిన బండి

హైవే పక్కన హోటళ్ళకు ఈమధ్య ఒక పిచ్చి పట్టింది. భోజనం బాగుండాలన్న ధ్యాస ఎవరికీ లేదు గానీ, వాకిట్లో మాత్రం ఏదో ఒక పాత సామాను ఉండి తీరాలి. ఎడ్లబండి చక్రం, ఇసుర్రాయి, లాంతరు. మన అవ్వలు నడుములు విరగ్గొట్టుకున్న సామానంతా ఇప్పుడు ఫోటోలకు పనికొస్తోంది. మొన్న కడప నుంచి కర్నూలు వస్తుంటే మా కోడలు, "అత్తమ్మా, కాఫీ తాగుదాం" అని అలాంటి హోటలు ముందే కారు ఆపించింది. మోకాళ్ళ నొప్పులతో మెల్లగా దిగి తలెత్తేసరికి ఎదురుగా ఒక మోటారు సైకిలు. సిమెంటు దిమ్మె మీద దాన్ని బిగించి, ఎర్రరంగు పూసి, ముందు లైటుకు ప్లాస్టిక్ పూలదండ వేశారు. ఒక పిల్ల దాని మీద కూర్చుని మూతి ముందుకు పెట్టి ఫోటో తీయించుకుంటోంది.

ఆ కాలపు బండ్లన్నీ ఒకేలా ఉంటాయి. నేను కాఫీ వైపే పోయేదాన్ని. కానీ ఏళ్ళ తరబడి ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషిని, ఎదురొచ్చిన ప్రతి మనిషికీ ముందు కాళ్ళు చూసే పాడు అలవాటు నాది. బండిని కూడా కిందినుంచే చూశాను. ఎడమపక్క బ్రేకు తొక్కేచోట అందరి బండ్లకూ ఉండే చిన్న పెడలు లేదు. దాని బదులు చెప్పంత వెడల్పు ఇనుప పలక ఉంది, బయటి అంచు కాస్త పైకి వంచి.

ఆ పలక నాకు తెలుసు. దాన్ని కొలిమిలో కాల్చి వంచుతుంటే పక్కన నిలబడి చూసినదాన్ని.

మా నాయన అయ్యగారు. అంటే పల్లెల్లో క్రైస్తవ సంఘాలకు బోధకుడు. బనగానపల్లెకు అవతల, నాపరాతి గనులకూ నల్లరేగడి చేలకూ మధ్యనున్న పల్లెలన్నీ ఆయనవే. పొద్దున ఒక పల్లెలో ఆరాధన, సాయంత్రం ఇంకో పల్లెలో. మధ్యలో పెండ్లిళ్ళు, సమాధులు, జ్వరాలు, మొగుడూపెండ్లాల కొట్లాటలు. అంత తిరుగుడు ఉన్న మనిషికి దేవుడు ఇవ్వకుండా పట్టుకున్నది ఒక్క ఎడమకాలే. చిన్నతనంలో జ్వరమొచ్చి అది జొన్నదంటులా సన్నబడిపోయింది. నాలుగడుగులు వేస్తే పక్కకు ఒరిగేవాడు. సైకిలు తొక్కలేడు. ఎవరైనా ఎద్దులబండి కట్టి పిలిస్తేనే పోవాలి. దుక్కి రోజుల్లో అయ్యగారి కోసం ఎద్దుల్ని ఎవడు కడతాడు?

పక్క ఊరి మిషను ఆస్పత్రిలో ఒక దొర డాక్టరు ఉండేవాడు. ఈ బండి ఆయనది. దూరాభారం తిరగడానికే తెప్పించుకున్నది, వెనక రెండు పక్కలా మందుల కోసం ఇనుప పెట్టెలు కూడా ఉండేవి. ఆయన తన దేశానికి పోతూ పోతూ బండి తాళం మా నాయన చేతిలో పెట్టాడు.

"కాలు లేనోనికి ఫట్‌ఫటి ఇస్తాండావే, సంపాలనా?" అని మా జేజి, అంటే మా నాయనమ్మ, దొరను మొహం మీదే అడిగింది. ఆయనకు తెలుగు బాగానే వచ్చు. నవ్వి ఊరుకున్నాడు.

ఆ కాలపు బండ్లకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇప్పటి వాటికి తలకిందులు. కాబట్టి కిక్కు కొట్టడానికీ గేరు వెయ్యడానికీ నాయనకు ఇబ్బంది లేదు, మంచికాలు ఉంది. వచ్చిన చిక్కల్లా బ్రేకుతోనే. ఆ సన్నటి పాదం చిన్న పెడలు మీద ఆనేది కాదు, జారిపోయేది. మా ఊరి కమ్మరాయన బండిచక్రం పట్టా ముక్క తీసుకుని, నాయన పాదాన్ని నేలమీద పెట్టించి సుద్దముక్కతో గీత గీసి, ఆ కొలతకు పలక కొట్టాడు. కాలు జారకుండా అంచు వంచాడు.

"ఇంగ తొక్కండి అయ్యగారూ, కొండయినా నిలబడాల" అన్నాడు.

నాయన దాని మీద కూర్చుంటే కుంటివాడు కాడు. ఈ మాట ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్తాను. తెల్లచొక్కా, నెత్తికి దుమ్ము పడకుండా చుట్టిన తువ్వాలు, నిటారుగా నిలిచిన వీపు. నేల మీద ఎప్పుడూ తలొంచుకుని, ఒక చేత్తో తొడ పట్టుకుని నడిచే మనిషి, బండెక్కితే ఊరిపెద్దల కన్నా ఎత్తుగా కనిపించేవాడు. పెదవి విప్పి నవ్వేది కూడా అప్పుడే.

శనివారం మధ్యాహ్నం బండికి ఒళ్ళు తోమే రోజు. వేపచెట్టు కింద గోనెపట్టా పరిచి సామాన్లన్నీ వరసగా పెట్టేవాడు. నేనూ మా చెల్లెలూ చెరో పక్క. ప్లగ్గు విప్పి ఉప్పుకాగితంతో రుద్దడం నాది, చువ్వలు తుడవడం చెల్లెలిది. చైనుకు ఆముదం పూసేవాడు. "తలకు లేని ఆముదం దానికి కావాల్నా?" అని అమ్మ లోపలి నుంచి గొణిగేది, గొణుగుతూనే గిన్నె తెచ్చిచ్చేది. కాసేపటికి ఉగ్గాని, నూనెలో వేగిన మిరపకాయ బజ్జీలు వచ్చేవి. చేతులకు పెట్రోలు వాసన, నోట్లో బజ్జీ కారం. ఇప్పటికీ పెట్రోలు బంకులో కారు ఆగితే నా నోట్లో నీళ్ళూరుతాయి. మా కోడలికి చెప్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది, అందుకే చెప్పను.

ట్యాంకు మూత తీసి వాసన చూడటం మా ఇద్దరికీ సరదా. ఒకసారి చెల్లెలు ముక్కు మరీ లోపలికి పెట్టి, తల తిరిగి కోళ్ళగంప మీద పడింది. కోళ్ళు వీధంతా చెదిరిపోయాయి. నాయన తిట్టలేదు, "మత్తు దిగినాదా అమ్మే?" అని అడిగి పొట్ట పట్టుకుని నవ్వాడు.

బండిని లేపడం ఒక పూజలాంటిది. ట్యాంకు కింద చిన్న కొళాయి తెరవాలి. కార్బురేటరు మీది బుడిపెను పెట్రోలు చెమర్చేదాకా నొక్కాలి. హ్యాండిల్ దగ్గరున్న చిన్న పిడిని పట్టుకుని, కిక్కును మెల్లగా దించుతూ, లైటు మీది అద్దం బిళ్ళలో ముల్లు నడిమికి వచ్చిందా చూడాలి. వచ్చాక పిడి వదిలేసి, ఒక్క తన్ను. ముల్లు చూడకుండా తంతే కిక్కు వెనక్కి ఎగిరి మోకాలు పగలగొడుతుంది.

"దీన్ని కోపంతో తన్నకూడదమ్మే, సముదాయించాల" అనేవాడు నాయన.

సీటు మీద కూర్చునే ఆయన కిక్కు కొట్టేవాడు. స్టాండు మీంచి బండిని ముందుకు తోయడం నా పని. తోసి, పరిగెత్తి వెనక ఎక్కేదాన్ని. తిరిగొచ్చాక కొళాయి కట్టేయడం కూడా నా పనే. "కొళాయి కట్టెయ్. లేకుంటే పొద్దంతా ఏడుస్తాంటాది" అనేవాడు. నిజమే, మరిచిపోతే కింద నేలమీద చుక్కలు చుక్కలుగా తడి కనిపించేది.

బండి చప్పుడు మైలు దూరం వినిపించేది. "అయ్యగారి ఫట్‌ఫటి వస్తాండాది" అని పిల్లలు చేలగట్ల మీద పరిగెత్తేవాళ్ళు. మేం చేరేసరికి ఎవరింట్లోనో జొన్నరొట్టెలు కాలుతుండేవి, బుడ్డల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, రోట్లో పడి ఉండేది. పోయేటప్పుడు ఇనుప పెట్టెల్లో పాటల పుస్తకాలు, వచ్చేటప్పుడు అవే పెట్టెల్లో వంకాయలు. నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా అదే బండి. నాయన ముందు, నడుమ ఆమె, ఆమెను పట్టుకుని వెనక ఆమె అత్త. ఎక్కడా పడలేదు.

గని దిబ్బ దగ్గర ఒక దిగుడు ఉంది. ఒకపక్క రాళ్ళు తవ్విన గొయ్యి, దారంతా కంకర. అక్కడ నాయన గట్టిగా, "పట్టుకోమ్మే" అనేవాడు. నేను ఆయన నడుం పట్టుకుని కిందికి చూసేదాన్ని. ఎడమకాలు మొత్తం వణికేది. పాదం మాత్రం ఆ పలక మీదినుంచి కదిలేది కాదు. కింద చదునుకు వచ్చాకే ఊపిరి వదిలేవాడు. నాకు భయమేసేది కాదు, ఆ కాలిని నమ్మేదాన్ని.

మా పల్లెల్లో పంటలు ఇంటికొచ్చాక కోత పండుగ చేసేవాళ్ళం. దేవునికి తొలిపంట ఇచ్చే పండుగ. ఇంటికో వస్తువు తెచ్చి గుడిలో బల్ల మీద పెట్టేవాళ్ళు. జొన్నలు, గుమ్మడికాయలు, కోడిగుడ్లు, చాటలు, చీపుర్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసేవాళ్ళు, వచ్చిన డబ్బు గుడికి. మా ఊళ్ళో దీనికి ఒక ముచ్చట ఉండేది. పాట పాడి గెలిచినవాడు వస్తువును ఇంటికి తీసుకుపోడు. "ఇది మళ్ళా దేవునికే" అని బల్ల మీద పెట్టేస్తాడు. దాన్ని ఇంకొకడు పాడతాడు, వాడూ పెట్టేస్తాడు. ఒక ముసలవ్వ దగ్గర ఒక పుంజు ఉండేది. ఏటేటా దాన్నే తెచ్చేది. ఊరంతా దాన్ని పాడి పాడి, చివరికి పొద్దుగూకే వేళకు ఎవరో ఒకరు అవ్వ ఒళ్ళోనే పెట్టేవాళ్ళు. కూరకాకుండా అన్ని పండుగలు చూసిన పుంజు ఈ జిల్లాలో ఇంకోటి ఉండదు. ఇలా చెయ్యాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. అంతకుముందు ఏడూ అంతే. రేగడి చేలు కాలు దిగేంత నెర్రెలిచ్చాయి. బుడ్డలు పీకితే వేర్లే వచ్చాయి, కాయ లేదు. గనుల్లో పని నిలిచిపోయింది. జనం గురుగాకు ఏరుకొచ్చి ఉడకబెట్టుకుంటున్నారు. పండుగ దగ్గరపడే వేళకు సంఘపెద్ద మా ఇంటికి వచ్చాడు. గనిలో రాళ్ళు కొట్టే మనిషి, ఇంత లావు మీసం, అంత పెద్ద గొంతు. ఆ రోజు గొంతు లేదు.

"అయ్యగారూ, ఈ తూరి పండగ వొద్దు" అన్నాడు. "ఒట్టి చేతుల్తో దేవుని ముందర యట్ల నిలబడేది? మా ఆడోళ్ళు ఎవురూ రామంటాండారు. సిగ్గయితాండాది."

 నాయన వేపచెట్టు కింద ఉన్న బండి వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా గుర్తు.

"పండగ జరగాలప్పా" అన్నాడు. "నా బండి పెడతా బల్ల మీద. నువ్వు రూపాయికి పాడు. పాడి మళ్ళా దేవునికే ఇచ్చెయ్. ఆ యెనక ఇంగొకడు పాడతాడు. అవ్వ పుంజు తిరిగినట్ల పొద్దుగూకేదాకా తిరగనీ. అణాయో బేడో, అందరి చెయ్యీ దాని మీద పడతాది. అట్లయితే ఒట్టి చేతుల్తో వచ్చినోళ్ళు ఎవురుంటారు చెప్పు?"

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఫట్‌ఫటి పాడినామని మా మనమండ్లకు చెప్పుకుంటాం అయ్యగారూ" అని నవ్వాడు కూడా.

మా జేజికి మాత్రం నచ్చలేదు. "రేయ్, నీ కాలు తీసకపోయి బల్ల మీద పెడతాండావు. ఆటకైనా పెట్టొద్దు" అంది. నాయన నవ్వి, "మనోళ్ళే కదమ్మా అందరూ" అన్నాడు. మనోళ్ళే! ఆ ఒక్క మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పండుగ రోజు గుడి కిటకిటలాడింది. ఇంట్లోంచి బయటికి రామన్న ఆడవాళ్ళంతా ఉన్నంతలో ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. అందరి మొహాల్లోనూ ఒక దొంగనవ్వు, ఇవాళ ఫట్‌ఫటి మనదే అని. టౌను నుంచి పెద్దయ్యగారు, అంటే మా నాయనకు పైవాడు, వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆ ముందురోజే సంఘపెద్ద అల్లుడు బళ్ళారి అవతల నుంచి పండుగకని వచ్చాడు. గనుల దగ్గర లారీ నడిపే మనిషి. కొత్త ప్యాంటు, చేతికి గడియారం. ఆయనకు మా ఊరి ముచ్చట ఎవరూ చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పాల్సిన సంగతని ఎవరికీ తట్టలేదు.

ఆరాధన అయ్యాక నాయన ఒరుగుతూ ఒరుగుతూ బల్ల దగ్గరికి పోయి బండి తాళం దాని మీద పెట్టాడు. "దేవుడు నాకిచ్చింది దేవునికే" అన్నాడు. పెద్దయ్యగారు నిజంగానే కదిలిపోయి లేచి నిలబడ్డాడు, పాపం ఆయనకూ తెలియదు.

"రూపాయి!" అన్నాడు సంఘపెద్ద మీసం దువ్వుతూ. గుడంతా గొల్లున నవ్వింది.

వెనక నుంచి అల్లుడు లేచి ఒక మొత్తం చెప్పాడు. నవ్వు టక్కున ఆగిపోయింది. అంత డబ్బు ఒక్కచోట చూసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

"అప్పా, కూకో, కూకో" అని సంఘపెద్ద వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

అల్లుడికి వేరేగా అర్థమైంది. తన డబ్బు ఖర్చయిపోతుందని మామ బాధపడుతున్నాడనుకున్నాడు. "దేవుని పనికి దుడ్లు చూసుకుంటే యట్ల మామా? ఇల్లు కట్టాలని కూడబెట్టినా. ఇల్లు ఆ యెనక కట్టుకుంటా. అయ్యగారు మొక్కిన బండి ఇంత కరువులో రూపాయికి పోతే మనకు నగుబాటు కాదా?"

"మా ఊర్లో పాడినోళ్ళు మళ్ళా బల్ల మీద పెడతారప్పా" అన్నాడు సంఘపెద్ద.

"మా సంఘంలో అట్ల పెడితే తప్పు మామా. దేవుని బల్ల మీంచి తీసుకున్నది మళ్ళా పెడితే, నువ్విచ్చింది నాకు వొద్దని దేవునితో అన్నట్ల."

పెద్దయ్యగారు తలూపాడు. "ఆ అబ్బాయి చెప్పింది నిజం" అన్నాడు. పాట తనే ముగిస్తూ ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాట పెంచుదామంటే ఎవరి దగ్గరా ఏమీ లేదు. పుంజు అవ్వ నోరు తెరుచుకుని ఉండిపోయింది. అమ్మ కొంగు దోపుకుని లేచింది, లేచి ఏదో అనబోయింది. నాయన ఆమె వైపు చూసి, "గమ్మునుండు" అన్నట్టు చెయ్యి కొంచెం కదిపాడు. సంఘపెద్ద బల్ల దగ్గరికి నడిచాడు, అంతా చెప్పేయడానికే. నాయన ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు. మింగలేక కక్కలేక ఆ మీసాల మనిషి అక్కడే నిలబడి ఏడ్చాడు. పెద్దయ్యగారు దాన్ని ఆనందం అనుకున్నాడు. మూడోసారి.

అల్లుడు బయటికొచ్చి బండి ఎక్కాడు. లారీలు నడిపినవాడే గానీ ఈ బండి సంగతి తెలియదు. తన్నాడు. లేవలేదు. మళ్ళీ తన్నాడు. కిక్కు వెనక్కి కొట్టి మోకాలు పట్టుకున్నాడు. జనమంతా చుట్టూ నిలబడ్డారు. అందరి మనసులోనూ ఒకటే కోరిక, లేవకూడదని. నేను పళ్ళు బిగబట్టి బండికి మొక్కుకున్నాను, దేవునికి కాదు. లేవకే, లేవకే, వాణ్ణి తన్ను. అది తన్నింది కూడా, రెండుసార్లు. అల్లుడు చెమటలు తుడుచుకుని, పళ్ళు కొరికి, ఇంకా గట్టిగా తన్నడం మొదలుపెట్టాడు. లోపల ఏదో టకటకమంది.

నాయన కదిలాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని, "ఇదో, పోవద్దు, నీకు దండం పెడతా" అంది.

"అట్ల తంతే చెడిపోతాది" అన్నాడు నాయన.

అంతే, పోయాడు. ఒరుగుతూ పోయి, "దిగప్పా, చూపిస్తా" అన్నాడు. కొళాయి తెరిచాడు. బుడిపె నొక్కాడు. పిడి పట్టుకుని, ముల్లు చూపించి, "ఇది నడిమికి రావాల, చూసినావా? కోపంతో తన్నాకు, సముదాయించాల" అన్నాడు. ఒక్క తన్ను. బండి లేచింది. ఆ చప్పుడంత మంచి చప్పుడు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. దిగి, బ్రేకు పలక మీద చేత్తో దుమ్ము తుడిచి, "దిగినాంక కొళాయి కట్టెయ్యప్పా, మర్చిపోవాకు" అని హ్యాండిల్ ఆయనకిచ్చాడు. అల్లుడు వంగి నాయన కాళ్ళు మొక్కాడు, ఆ సన్నకాలికి కూడా. స్టాండు మీంచి తొయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. నాయన నా వైపు చూశాడు. తోశాను.

ఇంటికొచ్చాక అమ్మ అరిచింది. ఎప్పుడూ అరవని మనిషి. "నోరు యాడ పెట్టుకున్నావు? చెప్తే ఏమైతాండె?"

"చెప్తే, దేవుని బల్ల ముందర అందరం నాటకమాడినామని అయితాది" అన్నాడు నాయన. "ఆ పిల్లోడు ఇల్లు ఇడిసిపెట్టి ఇచ్చినాడు. మన జనం ఇంగ జన్మలో తల ఎత్తుకోని గుడికి రారు. ఆ మాట ఎవురూ వానికి చెప్పకూడదు." కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాడు. ఉన్న ఒక్క కాలూ పోయాక ఇంకేం పడుతుందో మరి.

జనం తల ఎత్తుకుని గుడికి వచ్చారా? అదీ లేదు, అదే నా కడుపుమంట. ఆ డబ్బుతో గుడికి రేకులు వేయించారు. వాన రాని ఊళ్ళో వానకు తడవకుండా రేకులు! ఆదివారం నాయన కర్ర పట్టుకుని పక్క పల్లెకు నడిచిపోయేవాడు. పొద్దు పొడవకముందే బయల్దేరితే ఎండ నెత్తికెక్కే వేళకు చేరేవాడు, చొక్కా పిండితే నీళ్ళు కారేలా. ఆయన అలా ఒరుగుతూ దారిమీద కనిపిస్తే చూడలేక జనం తలుపులు వేసుకున్నారు. తిట్టుకుని కాదు, సిగ్గుపడి. ఒట్టిచేతులతో రావడానికి సిగ్గుపడిన వాళ్ళను పిలుచుకుందామని బండి పెట్టాడు, ఇప్పుడు ఆయన మొహం చూడ్డానికే సిగ్గుపడ్డారు. సంఘపెద్ద అయితే గుడి ముఖమే చూడలేదు. గని పని వెతుక్కుంటూ ఊరొదిలి పోయాడు, పోయేరోజు కూడా మా వీధిలోంచి పోలేదు.

పుంజు అవ్వ చచ్చిపోతూ అయ్యగారిని పిలవమందట. కబురొచ్చిన వెంటనే నాయన బయల్దేరాడు, నేను తోడు పోయాను. గని దిబ్బ ఎక్కలేక రెండుచోట్ల కూర్చున్నాడు. మేం పోయేసరికి మన్ను పోసేశారు. నాయన ఆ మట్టి పక్కన కాలు చాపుకుని కూర్చుని, కర్రతో నేల మీద గీతలు గీస్తూ ఉండిపోయాడు. ప్రార్థన చెయ్యలేదు. అవ్వ కోడలు మజ్జిగ తెచ్చి, తల పక్కకు తిప్పుకుని ఇచ్చి పోయింది.

కొన్నాళ్ళకు, నడవలేని అయ్యగారితో పల్లెలు చెడిపోతున్నాయని పైవాళ్ళకు తెలిసింది. పల్లెల్ని ఇంకొకాయనకు అప్పగించి, నాయనను టౌను గుడిలో పెట్టారు. తలుపులు తీయడం, వేయడం, గంట కొట్టడం. ఆయన ఆ పని కూడా శ్రద్ధగానే చేశాడు. నాకు నర్సు ఉద్యోగం వచ్చాక, మూడు చక్రాల స్కూటరు కొనిస్తాను నాయనా అన్నాను. నా వైపు చూసి, "ఇంగ యాడికి పోవాలమ్మే?" అన్నాడు.  

పోయేముందు జ్వరంలో ఆయన ఎడమపాదం మంచం అంచును ఆగి ఆగి నొక్కేది. వణుకుతూ నొక్కేది, వదిలేది కాదు. డాక్టరు అది నరాల జబ్బు అన్నాడు. నేను ఆ వార్డు నర్సునే, తలూపాను. ఆయన ఏ దిగుడు దిగుతున్నాడో నాకు తెలుసు. ఈసారి కింద చదును రాలేదు.

సమాధికి ఆ అల్లుడు కూడా వచ్చాడు, బస్సులో. తల నెరిసిపోయింది. "బండి యాడుండాది?" అని అడిగాను. "అమ్మేసినా తల్లీ. నా చేత సరిగా లేచేదే కాదు. మీ నాయన చెయ్యి అది" అన్నాడు. "అయినా అది మీ నాయన నాకిచ్చిన దీవెన" అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. సమాధి మట్టి ఇంకా తడిగానే ఉంది. చెప్పలేదు. ఆ దీవెనతోనే ఆయనా పోయాడని తర్వాత ఎవరో చెప్పారు.

ఇదంతా ఆ సిమెంటు దిమ్మె దగ్గర నిలబడి తలుచుకున్నాను. ఫోటో పిల్ల దిగిపోయింది. హోటలు ఓనరు నన్ను చూసి వచ్చాడు. మంచివాడే, మన పక్కవాడే.

"ఫోటో తీయాల్నా మేడమ్?"

"ఇది యాడిది?" అన్నాను.

"పాతసామాన్లోళ్ళ దగ్గర తూకానికి తెచ్చినాం మేడమ్. లోపల ఇంజనంతా ఖాళీ, పైన డొక్కే. అందరికీ శానా ఇష్టం." కిందికి చూసి, "ఈ రేకొకటి అడ్డం మేడమ్. ఎక్కేటప్పుడు ఆడోళ్ళ చీరెలు తట్టుకుంటాండాయి. రేపు వెల్డింగాయన వస్తాడు, కోయిచ్చేస్తా" అన్నాడు.

"కొయ్యొద్దు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ఏంటికి మేడమ్?"

మా నాయన కాలు అది అంటే ఈయనకేం అర్థమవుతుంది? "అది బ్రేకు" అన్నాను.

ఆయన మర్యాదగానే నవ్వాడు. "నిలబడిన బండికి బ్రేకేంటికి మేడమ్?"

ఆ మాటలో తప్పేముంది? ఏమీ లేదు. కోడలు రెండు కప్పులు పట్టుకుని బల్ల దగ్గర నుంచి పిలుస్తోంది. పోబోతూ, ఊరికే అలవాటుగా ట్యాంకు కిందికి చెయ్యి పెట్టాను. కొళాయి తెరిచే ఉంది. చివరిసారి దిగినవాడెవడో కట్టెయ్యకుండానే పోయాడు. రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాను. తుప్పుపట్టి, మీద రంగు పూసేసి, బిగుసుకుపోయింది. గట్టిగా తిప్పాను, మెల్లగా కూడా తిప్పిచూశాను. కదల్లేదు.